హారర్‌లో భయపెట్టేది చీకటా, లైటా? మా షార్ట్ ఫిలిం పెళ్ళి వీడియోలా వచ్చింది, కాస్త చెప్పండి

పెరటి_బావి | శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

కోనసీమలో మా అమ్మమ్మగారి పాత పెంకుటింట్లో పన్నెండు నిమిషాల హారర్ షార్ట్ ఫిలిం తీస్తున్నాం. కథ చిన్నదే. కరెంటు పోయిన రాత్రి ఒక అమ్మాయి లాంతరు పట్టుకుని వంటింట్లోంచి పెరట్లో బావి దాకా వెళ్ళి, బకెట్ నీళ్ళు తోడుకుని రావాలి. వెళ్ళేటప్పుడు ఏమీ జరగదు. వచ్చేటప్పుడు జరుగుతుంది.

మొన్న రెండు రాత్రులు తీశాం. రెండు ఎల్ఈడీ ప్యానెళ్ళు అద్దెకు తెచ్చి, రెండూ నీలంలో పెట్టి, సాంబ్రాణి పొగ దట్టంగా వేశాం. తీరా ల్యాప్‌టాప్‌లో చూస్తే అప్పగింతల సీనులా ఉంది. లైటు తగ్గిస్తే తెరంతా బొగ్గు, పెంచితే డైలీ సీరియల్. మధ్యలో ఏమీ దొరకడం లేదు. బడ్జెట్ అయిపోవచ్చింది. ఎక్కడ తప్పు చేశామో చెప్పండి.


అర్ధరాత్రి_అప్పారావు | శనివారం, రాత్రి 11:52

నీలం లైటు, పొగ ఉన్నాయి. తెల్లచీర, గజ్జెల చప్పుడు కూడా పెట్టేస్తే 1980ల నాటి దెయ్యం సినిమా పూర్తి సెట్టు అయిపోతుంది కదండీ 😄


లైట్‌మ్యాన్_పాతకాపు | ఆదివారం, ఉదయం 6:15

బాబూ, ఒక్కటే అడుగుతాను. అమ్మాయి చేతిలో లాంతరు ఉందన్నావు. తెర మీద లాంతరు వెలుగుతోందా, లేక లాంతరు పట్టుకున్న అమ్మాయి మీద వేరే ఏదో వెలుగుతోందా?


పెరటి_బావి | ఆదివారం, ఉదయం 9:30

మాస్టారూ, దొరికిపోయాను. లాంతరులో చిన్న బ్యాటరీ బల్బు పెట్టాం, అది ఊరికే కనపడ్డానికే. ముఖం కనపడాలని ఒక ప్యానెల్ ఎదురుగా పెట్టాం. రెండోది వెనక నుంచి, వెన్నెల అనుకోమని.


లైట్‌మ్యాన్_పాతకాపు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అదే తప్పు. అన్నం తిని తీరుబడిగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. మద్రాసులో లైట్ బాయ్‌గా మొదలుపెట్టి కృష్ణానగర్‌లో ఉంటూ రిటైరయిన వాణ్ణి. చదువు తక్కువ, మోసిన లైట్లు ఎక్కువ.

ముఖానికి ఎదురుగా లైటు పెట్టిన క్షణమే భయం పోతుంది. ఎదురు లైటులో ముక్కు నీడ ఉండదు, కళ్ళగుంటలు ఉండవు, బుగ్గ కింద లోతు ఉండదు. పాస్‌పోర్టు ఫోటో చూసి ఎవరైనా భయపడతారా? (ఆధార్ కార్డు సంగతి వేరు.) అదే లైటును పక్కకు జరిపితే సగం ముఖం పోతుంది. ఆ పోయిన సగంలో ఏముందో చూసేవాడు ఊహించుకుంటాడు. మన పనల్లా ఆ సగాన్ని వాడికి వదిలెయ్యడమే.

లాంతరు గురించి ఇంకో మాట. వెలుగు దూరంతో మామూలుగా తగ్గదు, గబగబా తగ్గుతుంది. లాంతరు ముఖానికి అడుగు దూరంలో ఉండి, గోడ నాలుగడుగుల దూరంలో ఉంటే, ముఖం మీద పడ్డ వెలుగులో పదహారో వంతే గోడ మీద పడుతుంది. అంటే ఆ అమ్మాయి చుట్టూ రెండు మూడడుగుల వెలుగు గూడు, దాని అవతల అంతా బావే. ఆమె నడుస్తుంటే ఆ గూడు కూడా నడుస్తుంది. ఇప్పటిదాకా వెలుగులో ఉన్న తలుపు ఆమె వీపు వెనక చీకట్లోకి పోతుంది. కథంతా ఇక్కడే ఉంది. నువ్వు ప్యానెల్ పెట్టి ఆ గూడును చెరిపేశావు, ఇల్లంతా ఒకే చీకటి, ఒకే వెలుగు అయిపోయింది.

బ్యాటరీ బల్బు తీసెయ్యి. లాంతరులో మంచి వాటేజీ ఉన్న పసుపు ఎల్ఈడీ బల్బు పెట్టి, చుట్టూ లోపలివైపు టీ రంగు కాగితం చుట్టు. కెమెరా వైపు మాత్రం రెండు పొరలు వెయ్యి, లేకపోతే గాజు తెల్లగా కాలిపోయినట్టు కనపడుతుంది. అమ్మాయి వైపు ఒక్క పొర చాలు. అంటే కెమెరాకు దీపంలా, అమ్మాయికి లైటులా. మేము దాన్ని దొంగ లైటు అనుకునేవాళ్ళం.


సౌండ్_పార్టీ | ఆదివారం, సాయంత్రం 4:20

పెద్దాయన అనుభవానికి దండం. కానీ నిజం మాట్లాడుకుందాం, భయం తొంభై శాతం సౌండే. ఏ హారర్ సినిమా అయినా మ్యూట్ చేసి చూడండి, కామెడీ అవుతుంది. లైట్ల మీద ఇంత చర్చ వేస్ట్.


డల్లాస్_పద్మ | ఆదివారం, రాత్రి 8:47

@సౌండ్_పార్టీ ఆ తొంభై మీరు ఎక్కడ కొలిచారో గానీ తమ్ముడూ, నేను మ్యూట్ చేసి చూశాను. పిల్లలు నిద్రపోయాక, చెవులకు ఏమీ పెట్టుకోకుండా, 1978 నాటి 'హాలోవీన్'.

ఉలిక్కిపడే సీన్లు నిజంగానే చప్పగా ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. కానీ ఒక షాట్ ఉంది. చివర్లో హీరోయిన్ గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంటుంది. ఆమె పక్కన తెరిచిన గుమ్మం, లోపల చీకటి. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఆ చీకట్లోంచి తెల్ల మాస్కు మెల్లగా పైకి తేలుతుంది. అతను నడిచి రాలేదు. ముందునుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు, మనకే కనపడలేదు. కెమెరామన్ డీన్ కండీ ఒక చిన్న లైటుకు డిమ్మర్ పెట్టి నెమ్మదిగా పెంచాడు, అంతే. సౌండ్ లేకుండా కూడా నా మెడ వెనక జలదరించింది. లేచి హాల్లో లైటు వేసుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

అది చాలా తక్కువ డబ్బుతో తీసిన సినిమా. @పెరటి_బావి గారూ, చిన్న డిమ్మర్ కొనుక్కోండి.


సౌండ్_పార్టీ | ఆదివారం, రాత్రి 9:02

అక్కా ఆ ఒక్క షాట్ ఇస్తాను. మిగతావి ఇవ్వను.


తోలుబొమ్మ_మనవడు | ఆదివారం, రాత్రి 10:31

ఈ చర్చ చూసి పడుకోబోతున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

సినిమాకు మాటలు రాకముందే ఈ పని మొదలైంది. జర్మనీలో 1920లో 'డాక్టర్ కాలిగరి' తీసినప్పుడు సెట్టు గోడల మీద, నేల మీద నీడల్ని రంగుతోనే గీసేశారు. వంకర వీధులు, వాలిన తలుపులు, గీసిన నీడలు. రెండేళ్ళకు ముర్నావ్ 'నోస్ఫెరాటు' వచ్చింది. అందులో రక్తపిశాచి మెట్లెక్కుతుంటే మనకు వాడు కనపడడు, గోడ మీద వాడి నీడే ఎక్కుతుంది. వేళ్ళు ఇంత పొడవు సాగిపోయి ఉంటాయి. మనిషిని చూపించి ఉంటే ఆరడుగుల నటుడు కనపడేవాడు. నీడకు కొలత లేదు.

ఇది చూసినప్పుడల్లా నాకు మా ఊరి తోలుబొమ్మలాట గుర్తొస్తుంది. బొమ్మ తెరగుడ్డకు అతుక్కుని ఉంటే గీతలు స్పష్టంగా ఉంటాయి, రంగులు కూడా తెలుస్తాయి. రాక్షసుడు వచ్చేటప్పుడు ఆడించేవాళ్ళు బొమ్మను తెర నుంచి వెనక్కి, దీపం వైపుకు లాగుతారు. వెంటనే నీడ ఉబ్బుతుంది, అంచులు చెదురుతాయి, తెరంతా కమ్ముకుంటుంది. మళ్ళీ తెరకు తాకించగానే గభాలున ఆకారం కట్టుకుంటుంది. చిన్నప్పుడు ఆ ఉబ్బే క్షణంలోనే మా చెల్లెలు నా చొక్కా పట్టుకునేది, ఆకారం కనపడ్డాక వదిలేసేది. ఆకారం కన్నా ఆకారం లేనిదే ఎక్కువ భయం.

ఆ జర్మన్ పద్ధతి మన దేశానికి నేరుగానే వచ్చింది. జోసెఫ్ విర్షింగ్ అనే జర్మన్ కెమెరామన్ బాంబే టాకీస్‌లో పనిచేశాడు. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన 'మహల్'కు కెమెరా ఆయనదే. పాడుబడ్డ బంగళా, ఊగే ఉయ్యాల, అందని అమ్మాయి. మన దెయ్యం సినిమాల్లో కనపడే ఖాళీ బంగళా, ఊగే దీపం అన్నిటికీ తాతముత్తాత ఆ సినిమాయే అని నా అభిప్రాయం.


కళ్ళజోడు_షాపు | సోమవారం, ఉదయం 10:10

వృత్తిరీత్యా కళ్ళు పరీక్ష చేస్తుంటాను కాబట్టి ఒక మాట.

మన కంటి వెనక తెరలో రెండు రకాల కణాలుంటాయని స్కూల్లో చదివే ఉంటారు. శంకు కణాలకు వెలుగు కావాలి, రంగులూ వివరాలూ అవే చూస్తాయి. దండ కణాలు మసక వెలుగులో పనిచేస్తాయి, రంగు తెలియదు. తమాషా ఏమిటంటే మనం సూటిగా చూసే నడిబిందువులో దండ కణాలు అసలు ఉండవు, శంకు కణాలే. అందుకే చీకట్లో మసగ్గా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు పక్కకు తిప్పితే మళ్ళీ కనపడుతుంది. కరెంటు పోయినప్పుడు గది మూలలో చూపు కొస నుంచి ఏదో కదిలినట్టనిపించి, తిరిగి చూస్తే ఏమీ ఉండకపోవడం ఇదే. దెయ్యం లక్షణం కూడా సరిగ్గా అదే కదా! తెర మధ్యలో కాకుండా ఫ్రేము అంచున, మసకలో ఏదైనా పెడితే ఈ పాత అలవాటంతా నిద్రలేస్తుంది.

ఇంకోటి. వెలుగులోంచి చీకట్లోకి వెళ్ళాక కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పైనే పడుతుంది. చీకట్లోంచి వెలుగులోకి అయితే నిమిషాల్లో సర్దుకుంటుంది. కాబట్టి బాగా వెలుగున్న షాటు పక్కనే చీకటి షాటు పెడితే, ఆ చీకటి ఉన్నదానికన్నా చిక్కగా అనిపిస్తుంది. వంటింట్లో పొయ్యి మంట దగ్గరగా చూపించి, వెంటనే పెరడు చూపించండి. ఖర్చు లేదు.

నీలం వెన్నెల సంగతి కూడా. వెన్నెల నిజానికి ఎండ కన్నా కాస్త పసుపు, చంద్రుడు వెనక్కి కొట్టిన ఎండే కదా. కానీ మసకలో కంటికి ఎరుపు నల్లబడి, నీలం కొంచెం తేరి కనపడుతుంది. సినిమావాళ్ళ నీలానికి మూలం కొంత అక్కడుంది, పూర్తిగా అబద్ధం కాదు. మీరు వేసినంత నీలం మాత్రం చంద్రుడు ఎప్పుడూ వెయ్యలేదు.


అర్ధరాత్రి_అప్పారావు | సోమవారం, ఉదయం 10:25

కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ 'మాయాబజార్'లో వేసిన వెన్నెల్లో పడవెక్కాలనిపిస్తుంది. అదే వెన్నెల్లో పడవలో ఎవరూ లేకుండా చేసి ఒక్క నిమిషం చూపించండి, దడ పుట్టకపోతే అడగండి.


చేనుగట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:18

అందరూ చీకటి చీకటి అంటున్నారు. మా వైపు పెద్దవాళ్ళకు చీకటంటే భయం లేదు, రాత్రి పూట చేలో నీళ్ళు కట్టేవాళ్ళకు చీకటి అలవాటే. వాళ్ళు భయపడ్డది కొరివి దెయ్యానికి. అంటే చీకట్లో దూరంగా కనపడే వెలుగుకు! మనిషి ఉండకూడని చోట దీపం ఉంటే భయం. శ్మశానం వైపు నిప్పు కదిలితే భయం. మా తాత చెప్పేవాడు, చీకట్లో ఏమీ కనపడకపోతే ఇంటికి రావచ్చు, ఏదైనా వెలిగితే మాత్రం అక్కడే ఆగిపోవాలని.

షార్ట్ ఫిలింలో వెనక ఎక్కడో రెండో లాంతరు పెట్టి చూడండి. ఎవరు పట్టుకున్నారో చెప్పకండి.


పెరటి_బావి | సోమవారం, మధ్యాహ్నం 1:40

@చేనుగట్టు అన్నా!! కథ మొత్తం మార్చాలనిపిస్తోంది.


డల్లాస్_పద్మ | సోమవారం, రాత్రి 7:55

చేనుగట్టు గారి మాటకు 'ఎక్సార్సిస్ట్' (1973) పోస్టర్ గుర్తొచ్చింది. పొగమంచులో వీధి దీపం కింద టోపీ పెట్టుకున్న మనిషి నల్లగా నిలబడి ఉంటాడు. మీద పడే వెలుగు ఇంటి కిటికీలోంచి వస్తుంది, దెయ్యం పట్టిన పిల్ల ఉన్న గది అది. మామూలుగా వీధిలో చీకటి, ఇంట్లో వెలుగు అంటే రక్షణ. అక్కడ తలకిందులు. మాగ్రిట్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ, పగటి ఆకాశం కింద రాత్రి ఇల్లు, దానికి ప్రేరణ.

ఆ గదిలో పిల్ల మంచం దగ్గర నోట్లోంచి ఆవిరి వస్తుంటుంది. దానికోసం సెట్టును నిజంగానే గడ్డకట్టేంత చల్లబరిచారు. చలి ఒక్కటే చాలదు, వెనక నుంచి లైటు పడితేనే ఆవిరి కెమెరాకు దొరుకుతుంది. మీ సాంబ్రాణి పొగ కూడా అంతే. ఎదురు లైటుతో గోడలా కనపడుతుంది, వెనక లైటుతో పొగలా కనపడుతుంది.


పట్టపగలు | సోమవారం, రాత్రి 9:12

నేను కొంచెం అడ్డం వస్తాను, ఏమీ అనుకోకండి. ఈ చర్చంతా "చీకటి, సగం ముఖం, నీడ" దగ్గరే తిరుగుతోంది. నన్ను ఎక్కువ భయపెట్టినవి వెలుతురు సినిమాలు.

'షైనింగ్' (1980) చూడండి. హోటల్లో చాలా భాగం దేదీప్యమానంగా ఉంటుంది. పెద్ద హాలు కిటికీల్లోంచి పగటి వెలుగు పోటెత్తుతుంది, అది కూడా ఎండ కాదు, ఎల్‌స్ట్రీ స్టూడియోలో కిటికీల బయట పెట్టిన వందల దీపాలు. కారిడార్‌లో ఏ మూలా దాక్కోవడానికి చీకటి లేదు. అందుకే భయం. దాక్కోలేం, కళ్ళు మూసుకోవడానికి వంక దొరకదు. 2019లో వచ్చిన 'మిడ్‌సమ్మర్' అయితే సూర్యుడే సరిగ్గా అస్తమించని స్వీడన్ వేసవి కథ, పూలు, తెల్ల బట్టలు, పచ్చిక. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) పేరు రాత్రి గానీ మొదలయ్యేది మనుషులే లేని పగటి వీధిలో రేవతి ఒంటరిగా ఉండగా. అది గుర్తుందా?

పాతకాపు గారు ప్రతి లైటుకూ కథలో కారణం ఉండాలంటున్నారు. 1977 నాటి ఇటలీ సినిమా 'సస్పీరియా'లో ఎర్ర లైటు, ఆకుపచ్చ లైటు ఎక్కడి నుంచి వస్తున్నాయో దేవుడికే తెలియాలి. గోడ మీద ఎరుపు, ముఖం మీద నీలం. దాని కెమెరామన్ లూచియానో తొవోలీ రంగు గుడ్డలు అడ్డం పెట్టి, వాటి వెనక పెద్ద లైట్లు నటులకు బాగా దగ్గరగా పెట్టి తీశాడు. కారణం లేదు, అయినా భయం ఉంది.


లైట్‌మ్యాన్_పాతకాపు | మంగళవారం, ఉదయం 6:40

పట్టపగలు గారూ, మంచి దెబ్బే కొట్టారు. రాత్రంతా ఆలోచించాను.

ఆ ఇటలీ సినిమా నేను చూశాను, లైట్ల వాళ్ళం కొందరం కలిసి క్యాసెట్ తెప్పించుకుని. దాంట్లో ఇల్లే మంత్రగత్తెలది, కాబట్టి లైటు కూడా వాళ్ళ మాటే వింటుంది. అక్కడ కారణం లేకపోవడమే కారణం. ఈ అబ్బాయిది అమ్మమ్మగారి ఇల్లు. ఇక్కడ ఆకుపచ్చ లైటు పడితే దసరా పందిరి అనుకుంటారు.

పగటి మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. నా సర్వీసులో నాకు నిజంగా భయం వేసింది ఒకే ఒకసారి, అదీ మిట్టమధ్యాహ్నం. పాత బంగళాలో షూటింగు, భోజనాలకని యూనిట్ అంతా బయటికి వెళ్ళింది. జనరేటర్ ఆపేశారు. లోపల కేబుల్ చుట్టుకుంటూ నేనొక్కణ్ణే. కిటికీలకు మేమే కట్టిన నల్లగుడ్డ ఒకచోట జారి, సన్నటి ఎండ గీత నేల మీద పడింది. ఆ గీత మధ్యలో తెగింది. అంటే కిటికీ బయట ఎవరో అడ్డం నిలబడ్డారు. నేను చూస్తుండగానే మళ్ళీ కలిసింది. వెళ్ళి చూస్తే మేక. అయినా మేకను చూడకముందు ఆ రెండు సెకన్లూ ఉన్నాయి చూడండి.


అర్ధరాత్రి_అప్పారావు | మంగళవారం, ఉదయం 7:30

మేక అని చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ.


క్లాప్_బోర్డు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని, కాబట్టి ఎవరూ మాట్లాడని కష్టం చెప్తాను. మన దగ్గర హారర్‌లో లైటింగ్ చెడిపోయేది "ముఖం కనపడాలి" అనే మాట దగ్గర. మానిటర్ వెనక ఎవరో ఒకరు "ఆర్టిస్టు కనపడట్లేదు సార్" అంటారు. వెలుగును ముఖం మీదికి తిప్పడానికి ఒక థర్మాకోల్ షీటు వస్తుంది. తర్వాత ఇంకో థర్మాకోల్. సాయంత్రానికి దెయ్యం కొంప కాస్తా నగల షాపు అవుతుంది.

రెండోది మన ఒంటి రంగు. చామనఛాయ ముఖం చీకట్లో కలిసిపోతుందని ఎదురు లైటు పెంచేస్తారు, లేదా ముఖానికి సున్నం కొట్టినట్టు మేకప్ వేస్తారు. రెండూ అక్కర్లేదు. మన చర్మానికి మెరుపు ఉంటుంది. పక్కన, కాస్త వెనగ్గా పెద్ద తెల్లగుడ్డ కట్టి దాని మీదికి కొద్దిగా లైటు వేస్తే, బుగ్గ ఎముక మీద, ముక్కు గీత మీద, చెమట మీద ఆ గుడ్డ ప్రతిబింబం మెరుస్తుంది. ముఖం చీకట్లోనే ఉంటుంది, కానీ అంచు గీసినట్టు తెలుస్తుంది. ముఖానికి కాస్త కొబ్బరినూనె రాస్తే ఇంకా మంచిది. 2024లో వచ్చిన 'భ్రమయుగం' నలుపు తెలుపులో చూడండి, మమ్ముట్టి ముఖం ఎన్ని చోట్ల అంచులతోనే నడుస్తుందో.

కంట్లో చుక్క మాత్రం మర్చిపోకండి. కంట్లో చిన్న వెలుగు చుక్క ఉంటే మనిషి బతికున్నట్టు. ఆ చుక్క తీసేస్తే అదే ముఖం, అదే నటి, ఎవరో వేరే మనిషి. మీ కథలో వెళ్ళేటప్పుడు చుక్క ఉంచి, వచ్చేటప్పుడు తీసెయ్యండి. ఎవరూ గుర్తుపట్టరు, కానీ అందరికీ ఏదో తేడా కొడుతుంది.


పెరటి_బావి | మంగళవారం, మధ్యాహ్నం 12:40

చివరి పేరా చదివి టీ ఒలకబోసుకున్నాను. థాంక్స్ అన్నా.

ఒక డౌటు. మా టెస్ట్ షాట్లలో గోడలు అలలు అలలుగా, పట్టీలు పట్టీలుగా వెలిగి ఆరుతున్నాయి. కెమెరా పోయిందా?


ప్రొజెక్టర్_గది | మంగళవారం, సాయంత్రం 5:33

కెమెరా పోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకు వందసార్లు మినుకుతాయి. మీరు సెకనుకు 24 ఫ్రేములకు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/48 సెకనులో పెట్టి ఉంటారు. 1/50కి మార్చండి, షట్టర్ కోణం ఉన్న కెమెరా అయితే 172.8. చవక డిమ్మర్ పెడితే కొన్ని ఎల్ఈడీలు అప్పటికీ మినుకుతాయి, ముందే టెస్ట్ చేసుకోండి. పద్మగారు చెప్పిన డిమ్మర్ ట్రిక్కుకు పాత ఫిలమెంటు బల్బే సుఖం, తగ్గే కొద్దీ ఎర్రబడుతుంది కూడా. ఫోన్‌తో తీస్తే ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి, లేకపోతే చీకటి పడగానే ఫోనే లైటు పెంచేసి తెరంతా రవ్వ పోస్తుంది.

నా అసలు బాధ వేరే. పేరు చెప్పను గానీ ఒక హాల్లో హారర్ సినిమా చూశాను, తెర మీద మనుషులా చెట్లా తెలియలేదు. తెర వెలుగుకు ఒక కొలత ఉంది, 14 ఫుట్‌ల్యాంబర్టులు. ల్యాంపు ముసలిదైతే అది పడిపోతుంది. కెమెరామన్ నెలల తరబడి కష్టపడి ఉంచిన ఆ సన్నటి అంచు అక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో ఇంకోరకం. నెట్‌లో వచ్చే వీడియోను కుదిస్తారు కాబట్టి చీకటి భాగాలు మెట్లు మెట్లుగా, మచ్చలుగా విరుగుతాయి. పైగా హాల్లో ట్యూబ్‌లైటు వేసుకుని చూస్తారు. తెరలో మన బనీను కనపడుతుంటుంది, దెయ్యం కనపడదు.

మీ సినిమా జనం ఫోన్లోనే చూస్తారు. కాబట్టి పూర్తి నలుపు మీద ఆధారపడకండి. ప్రతి ఫ్రేములో ఒక్కటైనా నిజంగా వెలిగే వస్తువు ఉండాలి, లాంతరో కిటికీయో. అదుంటే మిగతాది నలుపని కన్ను ఒప్పుకుంటుంది. అది లేకపోతే ఫోన్ ఆగిపోయిందనుకుంటారు.


తోలుబొమ్మ_మనవడు | మంగళవారం, రాత్రి 10:50

బావి అన్నారు కదా, 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఈత కొలను సీను చూడండి. జాక్ తూర్నూర్ దర్శకుడు, చిన్న బడ్జెట్టు. ఒకమ్మాయి రాత్రి ఒంటరిగా కొలనులో ఉంటుంది, గుర్రుమన్న శబ్దం వినపడుతుంది. నీళ్ళ మీద పడ్డ వెలుగు పైకప్పు మీద, గోడల మీద అలలుగా వణుకుతుంటుంది. జంతువు కనపడదు, ఏదో నీడ కదిలినట్టుంటుంది. గోడ కదులుతుంటే దేన్ని చూడాలో తెలియదు, అదీ కిటుకు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, అడుగున అద్దం ముక్క పెట్టి, పక్క నుంచి లైటు కొట్టి చూడండి.


పెరటి_బావి | తర్వాతి ఆదివారం, రాత్రి 11:15

శుక్ర, శనివారాల్లో మళ్ళీ తీశాం. నీలం ప్యానెళ్ళు వెనక్కి ఇచ్చేశాం. మొత్తం సామాను: లాంతరు దొంగ లైటు ఒకటి, వంద వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి, డిమ్మర్, అమ్మమ్మ తెల్ల పంచె, నల్ల దుప్పట్లు నాలుగు, ఇత్తడి పళ్ళెం.

పళ్ళెం ట్రిక్కు మొదట పనిచెయ్యలేదు, బల్బు వెలుగు మెత్తగా పరుచుకుపోయి అలలే రాలేదు. టార్చి కొడితే వచ్చాయి. పెంకుల కింద దూలాల మీద నీళ్ళు పాకుతున్నట్టు పడింది. మా హీరోయిన్ (మా పిన్ని కూతురే) ఆ షాట్లో నటించలేదు, నిజంగానే పైకి చూసి ఆగిపోయింది. అదే టేకు ఉంచేశాం.

రెండో లాంతరు పెట్టాం. బావి అవతల, అరటి చెట్ల వెనక, రెండే సెకన్లు. కంట్లో చుక్క తియ్యడం మాత్రం మా వల్ల కాలేదు, ఆమె చేతిలోనే లాంతరు ఉంది కదా. చివరికి వచ్చేటప్పుడు లాంతరు కిందికి, మోకాలి పక్కకు దించి పట్టుకోమన్నాం. చుక్క పోయింది. వెలుగు కింది నుంచి వచ్చి ముఖం మారిపోయింది.

ఇవాళ పొద్దున ల్యాప్‌టాప్‌లో అమ్మమ్మకు చూపించాను. వంటింటి షాట్లో ఆపమని, మూలకు వేలు పెట్టి "అక్కడ కూచున్నదెవర్రా?" అంది. అక్కడ ఎవరూ లేరు. రుబ్బురోలు మీద గోనెపట్టా వేసి ఉంది, అంతే. ముప్పై ఏళ్ళుగా అమ్మమ్మ వంటింట్లోనే ఉన్న రోలు అది.


లైట్‌మ్యాన్_పాతకాపు | తర్వాతి ఆదివారం, రాత్రి 11:31

ఆ గోనెపట్టా మీరు కావాలని వేశారా, ముందునుంచీ ఉందా?


పెరటి_బావి | తర్వాతి ఆదివారం, రాత్రి 11:34

నేను వెయ్యలేదు మాస్టారూ. మావాళ్ళను అడుగుతున్నాను, ఎవరూ వెయ్యలేదంటున్నారు 😐


అర్ధరాత్రి_అప్పారావు | తర్వాతి ఆదివారం, రాత్రి 11:36

మేక అయ్యుంటుంది.


సౌండ్_పార్టీ | తర్వాతి ఆదివారం, రాత్రి 11:49

తమ్ముడూ రఫ్ కట్ నాకు పంపు. సౌండ్ నేను చేస్తాను, డబ్బులొద్దు. ఆ దూలాల షాట్‌లో మాత్రం ఏమీ వెయ్యను, అలాగే వదిలేస్తాను.